ఫతే మైదాన్ నుంచి గచ్చిబౌలి దాకా

పించను లెక్కలు, డి.ఎ. బకాయిలు, హెల్త్ కార్డులు - వీటి గురించి రాయగలిగినవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. ప్రత్యేక సంచికకు నన్నేమి రాయమంటారని సంపాదకులు గారిని అడిగితే, "మీరెప్పుడూ ఫుట్‌బాల్ గురించే కదండీ మాట్లాడేది, అదే రాయండి" అన్నారు. కొంత ఎగతాళికే అన్నారని నాకు తెలుసు. అయినా రాస్తున్నాను. కారణం ఉంది. గచ్చిబౌలి స్టేడియం సొంత మైదానంగా ఆడిన హైదరాబాద్ ఎఫ్.సి. అనే జట్టు 2025 అక్టోబరులో ఢిల్లీకి తరలిపోయింది. పేరు కూడా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని మార్చుకుంది. ఆ వార్త మా మనవడు సెల్‌ఫోనులో చదివి వినిపించిన నాటినుంచి ఈ సంగతి ఎవరితోనైనా చెప్పుకోవాలని ఉంది. మీకంటే ఓపికగా వినేవాళ్ళు నాకెవరున్నారు?

ముందు ఫతే మైదాన్ సంగతి చెప్పాలి. అది చెప్పకుండా గచ్చిబౌలి అర్థం కాదు.

నేను కోనసీమ నుంచి ఉద్యోగానికి హైదరాబాదు వచ్చింది 1972లో. మా ఆఫీసు సైఫాబాదులో. సాయంత్రం అయిదు దాటాక ఫైళ్ళు బీరువాలో పెట్టి నడక మొదలుపెడితే, పదిహేను నిమిషాల్లో లాల్ బహదూర్ స్టేడియం వచ్చేది. ఊళ్ళో పాతవాళ్ళెవరూ ఆ పేరు వాడేవారు కాదు, ఫతే మైదాన్ అనే అనేవారు. 1687లో ఔరంగజేబు సేనలు గోల్కొండను ఎనిమిది నెలలు ముట్టడించినప్పుడు ఈ మైదానంలో విడిది చేశాయనీ, కోట పడ్డాక విజయానికి గుర్తుగా ఆ పేరు వచ్చిందనీ అంటారు. నిజాముల కాలంలో అక్కడ పోలో ఆడేవారు. 1955 నవంబరులో న్యూజిలాండుతో మన వాళ్ళు టెస్టు క్రికెట్ ఆడిందీ అక్కడే. ఉమ్రిగర్ 223 పరుగులు చేశాడు. టెస్టుల్లో భారతీయుడు చేసిన మొదటి డబుల్ సెంచరీ అది. 1967లో శాస్త్రి గారి పేరు పెట్టారు. 1983 జనవరి 9న ఎన్.టి. రామారావు గారు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిందీ, 2023 డిసెంబరు 7న రేవంత్ రెడ్డి గారు చేసిందీ అక్కడే. ఆటలకన్నా ప్రమాణస్వీకారాలకే ఎక్కువ పేరొచ్చిన మైదానం అని మా ఆవిడ అంటూ ఉండేది.

నాకు ఫుట్‌బాల్ చూడటం నేర్పింది మా సెక్షన్ సూపరింటెండెంటు గారు. పాతబస్తీ పెద్దమనిషి. నలిగిన షేర్వానీ, చేతిలో సైకిలు. మేమంతా ఆయనను సాబ్ అనేవాళ్ళం. కుర్రతనంలో సిటీ పోలీసు జట్టు ఆటగాళ్ళు సాధన చేస్తుంటే వెళ్ళి గోలు వెనక కూర్చునేవారట. ఆయన దగ్గర విన్నవీ, తరువాత పుస్తకాల్లో, పేపర్లలో సరిచూసుకున్నవీ కలిపి చెబుతాను.

హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదు సంవత్సరాలు రోవర్స్ కప్పు గెలిచింది. 1950లో డ్యూరాండ్ కప్పు ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది. 1954లోను, 1957లోను మళ్ళీ డ్యూరాండ్ గెలిచింది. 1961లో ఆంధ్రా పోలీసు అన్న పేరుతో ఇంకోసారి. ఆ జట్టును తీర్చిదిద్దినవారు సయ్యద్ అబ్దుల్ రహీం గారు. వృత్తిరీత్యా బడిపంతులు. కుర్రాళ్ళకు ఆయన రెండు రకాల పోటీలు పెట్టేవారు. ఒకదానిలో బంతిని కాళ్ళ మధ్య ఆడిస్తూ పోకూడదు, వెంటనే పక్కవాడికి అందించాలి. రెండోదానిలో వాటం లేని కాలితోనే తన్నాలి. ఈ సంగతి చెప్పేటప్పుడు మా సాబ్ కుర్చీలోంచి లేచి, ఎడమకాలితో గాలిలో తన్ని చూపించేవారు. ఒకసారి చెప్పు ఎగిరి వెళ్ళి డిస్పాచ్ గుమాస్తా బల్ల మీద పడింది.

రహీం గారు దేశపు జట్టుకూ శిక్షకులు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962లో జకార్తాలో మళ్ళీ బంగారం. జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో గెలిచే నాటికే ఆయనకు క్యాన్సరు. 1963 జూన్ 11న పోయారు. 2024లో ఆయన మీద 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చింది. మా మనవడు అది చూసివచ్చి, "తాతయ్యా, మీ సాబ్ చెప్పినవన్నీ నిజమేనే" అన్నాడు. సాబ్ చెప్పినప్పుడు నేను నమ్మాను, నేను చెప్పినప్పుడు వీడు నమ్మలేదు. సినిమా చెప్పవలసి వచ్చింది.

అసలు సంగతికి వస్తాను. మా సాబ్‌కు ఒక బాధ ఉండేది. రోవర్స్ కప్పు బొంబాయిలో, డ్యూరాండ్ కప్పు ఢిల్లీలో. "అరె మియా, ఆడింది మా పిల్లలు, చప్పట్లు కొట్టింది బొంబాయివాళ్ళు. మేము ఇక్కడ మర్నాడు పేపరులో చదువుకున్నాం" అనేవారు. ఫైనలు అయిన మర్నాడు పొద్దున్నే ఇరానీ హోటల్లో ఒక్క పేపరు చుట్టూ పదిమంది చేరేవారట. చదవడం వచ్చినవాడు చదవాలి, మిగిలినవాళ్ళు టీ చల్లారిపోతున్నా కదలకుండా వినాలి. గెలిచినవాళ్ళు తిరిగి వచ్చేటప్పుడు ఈయన నాంపల్లి స్టేషనుకు వెళ్ళి నిలబడేవారు. "చూసింది ఆట కాదు, ఆడి వచ్చినవాళ్ళ మొహాలు" అనేవారు.

నేను చూడటం మొదలుపెట్టే వేళకు ఆ వైభవం దిగిపోతోంది. మంచి ఆటగాళ్ళంతా కలకత్తా దారి పట్టారు. అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళారు. 2023 ఫిబ్రవరిలో బెంగాలు గడ్డమీదే కన్నుమూశారు. హబీబ్, నయీముద్దీన్ 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కంచు పతకం తెచ్చిన జట్టులో ఉన్నారు, నయీం కెప్టెన్. 1977లో పీలే కాస్మోస్ జట్టుతో కలకత్తా వచ్చి ఆడినప్పుడు మోహన్ బగాన్ తరఫున ఒక గోలు కొట్టినది మన హబీబే. ఆ మర్నాడు సాబ్ ఆఫీసులో అందరికీ టీ పోయించి, "ఇదీ కలకత్తా వాళ్ళకే దక్కింది" అన్నారు.

ఇక గచ్చిబౌలి. నేను మొదట చూసిననాడు అది ఊరు కాదు. బండరాళ్ళు, సీతాఫలం చెట్లు, హైదరాబాదు విశ్వవిద్యాలయం గోడ. అక్కడ క్వార్టర్సులో ఉండే ఒక మిత్రుడి ఇంటికి వెళితే, రాత్రి ఏడు దాటాక బస్సు దొరకదని తొందరపెట్టి పంపించేవాడు. 1998లో ట్రిపుల్ ఐటీ, 2001లో ఐ.ఎస్.బి. వచ్చాయి. ఆ వరసలోనే 2002 జాతీయ క్రీడల కోసం ఈ స్టేడియం కట్టారు. దాదాపు ముప్పయి వేలమంది పడతారు. దానికి పెట్టిన పేరు మా కోనసీమవాడిది. అమలాపురం ఎం.పి.గా లోక్‌సభ స్పీకరు పదవికి ఎక్కి, 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టరు ప్రమాదంలో పోయిన జి.ఎం.సి. బాలయోగి గారు. ఆయన పోయినరోజు మా ఊళ్ళో పొయ్యి వెలగలేదని మా అన్నయ్య ఉత్తరం రాశాడు. అందువల్ల ఆ స్టేడియం పేరు పలికినప్పుడల్లా నాకు మా గోదావరి లంకలే కళ్ళలో మెదులుతాయి.

2002 డిసెంబరులో జాతీయ క్రీడలకు నన్ను ఆఫీసు తరఫున డ్యూటీ వేశారు. క్రీడాకారుల బస రిజిస్టరు రాయటం నా పని. పదిరోజులు. ఒక మధ్యాహ్నం వీలు చేసుకుని స్టేడియం లోపలికి వెళ్ళి, ఖాళీ మెట్లమీద ఒక్కణ్ణే కూర్చున్నాను. కొత్త సున్నం వాసన. మధ్యలో పచ్చగడ్డి, చుట్టూ పరుగు పందాల ట్రాక్. అప్పుడే అనిపించింది: ఇది పరుగుపందాలకు కట్టినది, ఫుట్‌బాల్‌కు కాదు. గడ్డికీ మనకీ మధ్య ట్రాక్ వెడల్పంతా దూరం. ఫతే మైదానులో సాబ్ పక్కన కూర్చున్నవాణ్ణి కదా, ఆ దూరం నాకు మింగుడు పడలేదు. సాబ్ అప్పటికే కాలం చేశారు. ఉంటే తీసుకొచ్చి చూపించేవాణ్ణి.

2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు జరిగాయి. మన ఫుట్‌బాల్ జట్టు ఫైనల్లో ఉజ్బెకిస్తాన్ చేతిలో 0-1తో ఓడి వెండితో సరిపెట్టుకుంది. 2007 అక్టోబరులో సైనికుల ప్రపంచ క్రీడలు వచ్చాయి. నేను రిటైరైన నెల అది, నా వీడ్కోలు సభా అప్పుడే. 2008లో ఎ.ఎఫ్.సి. ఛాలెంజ్ కప్పు హైదరాబాదుకు వచ్చింది. మన జట్టు ఫైనలు చేరింది. ఇన్నాళ్ళకు ఒక కప్పు కళ్ళారా చూస్తామనుకున్నాను. ఆ ఆగస్టులో కుండపోత వానలు. మైదానాలు చిత్తడైపోయి ఫైనలును ఢిల్లీకి మార్చేశారు. ఆగస్టు 13న సునీల్ ఛెత్రి మూడు గోల్సు కొట్టాడు, తజికిస్తాన్‌ను 4-1తో గెలిచాం. మర్నాడు పేపరులో చదువుకున్నాను. సాబ్ మాట గుర్తొచ్చింది.

స్టేడియం పక్కన ఉన్న నాలుగువందల ఎకరాల కథ వేరు. క్రీడా అకాడమీలు పెడతామన్న ఒక సంస్థకు 2004లో అది ఇవ్వడం, తరువాత వచ్చిన ప్రభుత్వం రద్దు చేయడం, 2024 దాకా కోర్టుల్లో నలగడం మీరంతా పేపర్లలో చదివినదే. భూమి లెక్కలు మన రెవిన్యూ మిత్రులు రాస్తే బాగుంటుంది. నేను చెప్పేదల్లా ఒకటే. పెద్ద క్రీడలు వచ్చి పోయాక ఆ స్టేడియంలో చాలాకాలం పిచ్చుకలు తప్ప శాశ్వత నివాసులు లేరు. ఇల్లు కట్టి, తాళం వేసి, పండుగలకు తెరిచినట్టుండేది.

2019 ఆగస్టులో హైదరాబాద్ ఎఫ్.సి. పుట్టింది. పుణె జట్టు మూతపడితే దాని స్థానంలో ఇండియన్ సూపర్ లీగ్‌లోకి వచ్చింది. గచ్చిబౌలి దాని సొంత మైదానం. అప్పటికి నేను కొండాపూర్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. మనవడికి పన్నెండేళ్ళు. మొదటి ఆట కలకత్తాలో 0-5తో ఓడిపోయారు. "ఇలాంటి జట్టుకు టికెట్టు కొనాలా నాన్నా" అని మా అల్లుడు నవ్వాడు. కొన్నాను.

2019 నవంబరు 2, శనివారం రాత్రి. కేరళ బ్లాస్టర్సుతో ఆట. మెట్లు ఎక్కడానికి మోకాళ్ళు మొరాయిస్తే మనవడు చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. మన ఊళ్ళో మలయాళీలు ఇంతమంది ఉన్నారని నాకు ఆ రోజే తెలిసింది. వాళ్ళ డప్పులకు చెవులు గింగురుమన్నాయి. మొదటి గోలు కేరళ వాళ్ళదే. రెండో సగంలో పెనాల్టీతో సమం చేశాం. ఆఖరున మార్సెలీనో ఫ్రీకిక్కు. బంతి వలలో పడిన క్షణం నేను లేచి నిలబడ్డానని మనవడు అంటాడు. ఎలా లేచానో నాకు తెలియదు. 2-1. సాబ్ యాభయ్యేళ్ళు పేపర్లో చదివినది నేను కళ్ళతో చూశాను. పక్కనున్న ముక్కూ మొహం తెలియని కుర్రాడు నన్ను కౌగిలించుకుని "తాతా, మనమే" అన్నాడు. ఇంటికి వచ్చేదాకా ఆ 'మనమే' అన్న మాట నా చెవిలోనే ఉంది.

ఆ సీజనులో జట్టు అట్టడుగున నిలిచింది. 18 ఆటల్లో గెలిచినవి రెండే. ఆ రెంటిలో ఒకటి నేను చూశానన్నది నా గొప్ప.

తరువాత కరోనా. 2020 ఏప్రిల్లో స్టేడియం ప్రాంగణంలోని క్రీడాగ్రామం భవనాన్ని 1500 పడకల ఆసుపత్రిగా మార్చారు. లీగు మొత్తం గోవాలో, ప్రేక్షకులు లేకుండా ఆడించారు. విచిత్రం ఏమిటంటే జట్టు ఎదిగింది అప్పుడే. స్పెయిన్ దేశపు శిక్షకుడు మనోలో మార్కెజ్ వచ్చి, వెనకబడ్డ గుంపును జట్టు చేశాడు. 2021-22 సీజనంతా గోవాలోనే. ఒగ్బెచె 18 గోల్సు కొట్టాడు. 2022 మార్చి 20న ఫటోర్డాలో ఫైనలు, మళ్ళీ అదే కేరళతో. ఆఖరి నిమిషాల్లో సాహిల్ టవోరా గోలుతో 1-1. పెనాల్టీలలో గోలుకీపరు కట్టిమణి మూడింటిని ఆపాడు. 3-1తో హైదరాబాదు ఛాంపియన్. మా హాల్లో టీ.వీ. ముందు నేనూ మనవడూ గెంతాం, పైవాటా వాళ్ళు దిగి వచ్చి ఏమైందని అడిగారు. దేశం మొత్తానికి విజేత మన జట్టు, ఆ ఏడాది సొంత మైదానంలో ఒక్క ఆటా ఆడలేదు. సాబ్‌కు బొంబాయి, నాకు గోవా.

2022 అక్టోబరులో ఛాంపియన్లు ఇంటికి వచ్చారు. నా మటుకు నాకు ఆ స్టేడియం చరిత్రలో నిజమైన సంవత్సరం అదొక్కటే. డెక్కన్ లీజియన్ అనే అభిమానుల సంఘం కుర్రాళ్ళు ఒక మూల పసుపు జెండాలతో తొంభై నిమిషాలూ నిలబడే పాడేవారు. ట్రాక్ దూరం కూడా కాస్త తగ్గినట్టు అనిపించేది. మనవడు నాకొక పసుపు చొక్కా కొని తొడిగించాడు. వాళ్ళమ్మ చూసి "పెళ్ళికొడుకును చేసినట్టుంది నాన్నా" అంది. లీగులో రెండో స్థానం. సెమీఫైనలు మొదటి ఆట 2023 మార్చి 9న మన దగ్గరే, ఎ.టి.కె. మోహన్ బగాన్‌తో, 0-0. కలకత్తాలో రెండోదీ 0-0, పెనాల్టీలలో 3-4తో పోయింది. 1950లో మోహన్ బగాన్‌ను ఓడించినవాళ్ళ ఊరు మనది, ఒకసారి బాకీ తీరిందిలే అనుకున్నాను.

అక్కడినుంచి జారుడే. 2023-24లో ఆటగాళ్ళకు జీతాలు అందలేదు. ఫిఫా వారు కొత్త ఆటగాళ్ళను తీసుకోవద్దని నిషేధం పెట్టారు. విదేశీయులు, పేరున్నవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. మిగిలిన కుర్రాళ్ళే ఆడారు. 22 ఆటల్లో ఒక్క గెలుపు. ఒకటో తారీఖున జీతం రాకపోతే ఇల్లు ఎలా ఉంటుందో ఈ పత్రిక చదివేవారికి నేను చెప్పనక్కరలేదు. ఓడిపోతున్న ఆ పిల్లలను చూడటానికి నేను మానకుండా వెళ్ళాను. మనవడు కొన్నింటికి రాలేదు, చదువు వంక పెట్టాడు. ఖాళీ గ్యాలరీలో నావంటి ముసలివాళ్ళు అక్కడొకరు ఇక్కడొకరు. ఎవరి ఫ్లాస్కు వారిది.

2024లో యాజమాన్యం మారింది. ఆ సీజనులో 13 జట్లలో 12వ స్థానం. అదే ఏడాది గచ్చిబౌలిలో రెండు కప్పులు అందించారు. సెప్టెంబరులో ఇంటర్‌కాంటినెంటల్ కప్పు సిరియా తీసుకుపోయింది. మన దేశపు జట్టు వాళ్ళ చేతిలో 0-3తో ఓడింది. డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్లో బెంగాలు కేరళను 1-0తో గెలిచింది. ఆ రాత్రి బెంగాలు పిల్లలు కప్పు ఎత్తుకుని ట్రాక్ మీద పరుగెడుతుంటే నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. మన మైదానంలో కప్పు ఎత్తిన దృశ్యం ఎలా ఉంటుందో చూశాను, ఎవరు ఎత్తారన్నది పక్కన పెడితే.

పది నెలలు తిరక్కుండానే జట్టు ఢిల్లీకి వెళ్ళిపోయింది. డబ్బు పెట్టేవాడికి లెక్కలుంటాయి, తప్పు పట్టను. పుణె వాళ్ళ స్థానం మనకు వచ్చిననాడు పుణె ముసలివాళ్ళ గురించి నేనూ ఆలోచించలేదు కదా. హైదరాబాదు ఫుట్‌బాల్ ఆగిపోలేదు, అజీజ్‌నగర్ వైపు డెక్కన్ అరీనా అనే చిన్న మైదానంలో శ్రీనిధి డెక్కన్ జట్టు ఐ-లీగులో ఆడుతూ వచ్చింది. ఒకసారి వెళ్ళి చూశాను. చిన్నదే, కానీ గడ్డి దగ్గరగా ఉంది.

మనవడు ఇంజనీరింగులో చేరి హాస్టలుకు వెళ్ళాడు. వెళ్ళేముందు తన పసుపు చొక్కా కూడా నా బీరువాలోనే పెట్టాడు. వాడిది నాకు బిగుతు. నాది మాత్రం ఉదయపు నడకకు వేసుకుంటున్నాను. మొన్న పార్కులో ఒక పెద్దాయన ఆపి, "ఆ జట్టు ఇప్పుడు లేదు కదండీ" అన్నారు. లేదన్నాను. ఆయన కాసేపు ఆగి, "ఆ మొదటి ఆటకు నేనూ వచ్చాను, మూడో గ్యాలరీ" అన్నారు. ఇద్దరం బెంచీ మీద కూర్చున్నాం. ఆ ఫ్రీకిక్కు ఎటువైపు గోలులో పడిందనే దానిమీద మాకు ఏకాభిప్రాయం కుదరలేదు. రేపు మళ్ళీ వస్తానన్నారు.